గుండిగ ఎవరిది?

పేరుమోసిన పెద్ద కంపెనీలకు ఈమధ్య గుండ్రటి బొమ్మలంటే ఎనలేని భక్తి కుదిరింది. ఇంతకాలం తాము తిన్నని గీత మీద నడిచామనీ, అంటే భూమిని తవ్వి, వస్తువు చేసి, మనకు అమ్మి, చివరికి మన చేతనే పారవేయించామనీ, ఇకమీదట ఆ గీత రెండు కొసలనూ కలిపి వలయం చేస్తామనీ, దాని పేరు సర్క్యులర్ ఎకానమీ అనీ వారు సెలవిస్తున్నారు. మొన్న నెల్లూరులో ఒక కంపెనీ ఈ విషయం మీద జరిపిన సదస్సుకు నేనూ వెళ్లి, చెన్నై నుంచి వచ్చిన వక్త తెర మీద చూపించిన వలయాన్ని, చేతికిచ్చిన చిన్న ప్లాస్టిక్ సీసాలోని నీళ్లు తాగుతూ, ఎంతో శ్రద్ధగా తిలకించాను. వాడిన వస్తువును వెనక్కి తీసుకుని, దానికి విలువ కట్టి, బదులుగా మరొకటి ఇచ్చే పద్ధతిని ప్రపంచం ఇప్పుడిప్పుడే కనుగొంటున్నదని ఆయన చెప్పగా సభ చప్పట్లు కొట్టింది.

నాకైతే గర్వంతో గుండె ఉప్పొంగింది. మా మూలాపేట వీధిలోకి నెత్తిన స్టీలు సామాన్ల గంపతో వచ్చే ఆవిడ అంతర్జాతీయ స్థాయి మేధావి అని నాకు అంతవరకూ తెలియదు. స్వీడన్‌కు చెందిన హెచ్ అండ్ ఎం 2013లో పాత బట్టలు తెచ్చిన వారికి తగ్గింపు కూపన్లు ఇచ్చే పథకాన్ని దేశదేశాల్లో మొదలుపెట్టింది. మా గంప ఆవిడ కూపన్లు ఇవ్వదు, రెండు ప్యాంట్లనూ ఒక వెంకటగిరి చీరనూ వెలుతురుకు పట్టి చూసి, "జరీ యాడుందమ్మా దీంట్లో?" అని మా అమ్మను నిలదీసి, అరగంట బేరం తర్వాత మూత లేని డబ్బా ఒకటి చేతిలో పెడుతుంది. రెండు సంస్థల మధ్యా ఒక సూక్ష్మమైన తేడా ఉన్నదని ఒప్పుకోవాలి. డబ్బా వచ్చినందువల్ల మా అమ్మ మరో చీర కొనదు. కూపన్ వచ్చినవారు మాత్రం మరో చొక్కా కొనక తప్పదు. చొక్కా ఇచ్చి చొక్కా కొంటున్నాం కనుక దాన్ని వలయమే అనాలి, అయితే ఆ వలయంలో డబ్బు ఒక్కటే తిన్నగా, ఒకే దిక్కుకు పోతూ ఉంటుంది.

సీసాల సంగతి ఇంతకంటే ఉదాత్తమైనది. హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంట్ పొందిన గోలీసోడా సీసాను మన బంకుల వాళ్లు తరతరాలుగా నింపి, కడిగి, మళ్లీ నింపారు. అక్కడే తాగి సీసా అక్కడే ఇచ్చేయాలి, ఇంటికి తీసుకెళ్లాలంటే డిపాజిట్ కట్టాలి. పెద్ద కూల్‌డ్రింకు కంపెనీలు కూడా ఒకప్పుడు గాజు సీసాలను ఇలాగే తిప్పేవి. తరవాత సీసా మోసుకెళ్లి కడిగే శ్రమ తమకెందుకని ప్లాస్టిక్‌కు మారి, ఖాళీ సీసా బాధ్యతను పెన్నా నదికి అప్పగించాయి. ఆపైన జ్ఞానోదయమై, 2030 నాటికి తాము అమ్మే పానీయాల్లో కనీసం 25 శాతాన్ని తిరిగి నింపగల, తిరిగి ఇవ్వగల పాత్రల్లోనే అమ్ముతామని కోకాకోలా 2022 ఫిబ్రవరిలో మొక్కుకుంది. 2024 డిసెంబరులో కొత్త లక్ష్యాల పట్టిక వెలువడేసరికి ఆ మొక్కు అందులో లేదు. ఏటా మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగలో మా స్వర్ణాల చెరువు దగ్గర చదువు రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె తీసుకున్నవాళ్లు కోరిక తీరితే మరుసటి ఏడాది రొట్టె చేసుకొచ్చి, జనం మధ్య నీళ్లలో నిలబడి, ముక్కూ మొహం తెలియనివారి చేతిలో పెట్టి వెళతారు. వీరి దగ్గర ఒప్పంద పత్రం గానీ, వార్షిక నివేదిక గానీ, లక్ష్య సంవత్సరం గానీ ఉండవు. బహుశా అందువల్లనే తప్పించుకునే దారి కూడా వీరికి తోచి ఉండదు.

వలయం తిరుగుతున్నదో లేదో చూసేందుకు మన ప్రభుత్వం కూడా ఒక ఏర్పాటు చేసింది. ప్లాస్టిక్‌లో సరుకు అమ్మే కంపెనీ, ఆ మేరకు ప్లాస్టిక్ ఎక్కడో రీసైకిల్ అయినట్టు సర్టిఫికెట్లు కొని చూపించవచ్చు. 2023లో తనిఖీ చేస్తే నాలుగు రీసైక్లింగ్ సంస్థల దగ్గరే సుమారు 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. ప్లాస్టిక్ కదలకుండానే కాగితం చక్కగా తిరిగి వచ్చింది కనుక వలయానికి లోపమేమీ లేదు.

ఇదంతా ఎగతాళి అనుకునేవారు బల్బు చరిత్ర వినాలి, ఎందుకంటే ఈ విద్యలో నిజమైన కిటుకు అక్కడ ఉన్నది. ఫిలిప్స్, ఓస్రామ్ వంటి కంపెనీలు 1924లో జెనీవాలో ఒక కూటమి కట్టి, బల్బు 1000 గంటలు వెలిగితే చాలునని తీర్మానించాయి. అంతకంటే ఎక్కువ వెలిగే బల్బు చేసిన సభ్యుడికి జరిమానా వేశాయి. అదే ఫిలిప్స్ 2015లో ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంతో మరో ఒప్పందం చేసుకుంది. విమానాశ్రయం వెలుతురుకు మాత్రమే డబ్బు కడుతుంది, దీపాలు కంపెనీవే. అంతే, దీపం మామూలు వాటికంటే 75 శాతం ఎక్కువకాలం మన్నేలా, చెడిన భాగాన్ని విడిగా మార్చుకునేలా తయారైంది. దీపం మనదైతే 1000 గంటలకే కన్నుమూస్తుంది, వాళ్లదైతే దానికి దీర్ఘాయుష్షు.

ఈ రహస్యం మా స్టోన్‌హౌస్‌పేటలోని షామియానా సప్లయర్‌కు ఏ విదేశీ నిపుణుడూ చెప్పలేదు. ఆయన దగ్గరున్న ఇత్తడి గుండిగలో మా నాన్న పెళ్లికి పులిహోర కలిపారు, నా పెళ్లికి సాంబారు కాచారు, మొన్న మా అబ్బాయి పెళ్లికి అదే గుండిగ మెడ మీద చెక్కిన అదే పేరుతో, కొత్త కళాయితో తళతళలాడుతూ ఆటోలో దిగింది. గుండిగ ఆయనది కాబట్టి సొట్ట పడకూడదన్న బెంగ కూడా ఆయనదే. సొట్ట పడితే మన అడ్వాన్సులో కోత పడుతుంది. గుండిగ మూడు తరాలు బతికితే ఆయనకు లాభం, మూడేళ్లకే పోతే ఆయనకు నష్టం. వక్త తెర మీద నలభై బొమ్మలతో చెప్పలేకపోయిన సంగతి ఇంతే.

మా ఇంటి మిక్సీ విషయంలో నేను ఈ సూత్రాన్ని పరీక్షించాను. అది మొరాయించగానే కంపెనీ సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్తే, ఆ మోడల్‌కు పార్టులు రావడం లేదనీ, వలయంలో భాగంగా పాతది ఇచ్చేస్తే కొత్తదాని మీద రూ.300 తగ్గిస్తామనీ చెప్పారు. చిన్నబజారులో ఒక ముసలాయన దాన్ని విప్పి, అరిగిపోయిన కార్బన్ బ్రష్‌లు మార్చి, రూ.120 తీసుకున్నాడు. ఆ కంపెనీకి నాదొక విన్నపం: మిక్సీని దయచేసి మీ దగ్గరే ఉంచుకోండి, నాకు అద్దెకివ్వండి, పచ్చడికి ఇంత, ఇడ్లీ పిండికి ఇంత అని లెక్క కట్టండి. మరుసటి వారమే దానికి తగిన పార్టులు దొరకడం మొదలవుతుందని నా నమ్మకం.

అయితే ఈ విన్నపం చేశాక నాకు కొంచెం భయం పట్టుకుంది. అద్దె వసూలు మాత్రం నేర్చుకుని, గుండిగ మీది బెంగ నేర్చుకోని ప్రతిభావంతులు కూడా ఉన్నారు. హెచ్‌పి ప్రింటర్లకు నెలవారీ చందా మీద సిరా పంపే పథకంలో, చందా ఆపేస్తే కార్ట్రిడ్జిలో సిరా మిగిలి ఉన్నా అది పని చేయదు. ఇదే పద్ధతిని మా షామియానాయన అనుసరిస్తే, బాకీ తీరలేదని బంతి మధ్యలో సాంబారు గుండిగ మూత బిగుసుకుపోతుంది.

సదస్సు ముగిశాక వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీని విప్పుతుంటే హాలు వాచ్‌మన్ వచ్చి, తుఫాన్ల కాలం వస్తున్నది, ఇంటి కప్పు కురుస్తున్నది, దాన్ని తనకిమ్మని అడిగాడు. కంపెనీ గుర్తు ఉన్న వస్తువు బయటికి పోకూడదనీ, కాల్చేయమని తమకు పైనుంచి ఆదేశమనీ నిర్వాహకులు చాలాసేపు మథనపడ్డారు. చివరికి గుర్తు ఉన్న వైపును లోపలికి తిప్పి కట్టుకుంటానని అతను మాట ఇస్తే గానీ వదల్లేదు. ఈ అక్టోబరు వానల్లో ఆ ఇంట్లో వెల్లకిలా పడుకున్నవారికి పచ్చని వలయం ఒకటి నిండుగా కనిపిస్తూ ఉంటుంది.