రికార్డులో శ్మశానం, కళ్లముందు రొయ్యల చెరువు

బందరులో డచ్చివాళ్ల సమాధులు చూశారా? పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికొచ్చి ఇక్కడే పోయినవాళ్ల రాళ్లు. వంశ చిహ్నాలూ ఉబ్బెత్తు అక్షరాలూ ఇంకా కనిపిస్తాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇలాంటి సమాధి రాతలను 1905లోనే ప్రభుత్వం పుస్తకంగా అచ్చేసింది.

అదే జిల్లాలో మా అమ్మ వాళ్ల తాతను ఎక్కడ పెట్టారో కనుక్కోడానికి నాకు మూడేళ్లు పట్టింది.

మనవాళ్లకు రాయి ఎక్కడిది? మట్టి దిబ్బ, తాటిపట్టెతో చేసిన సిలువ. రెండు వానాకాలాలు గడిస్తే అదీ లేదు. అందుకే చెప్తున్నా, రాయి కోసం వెతక్కండి, సర్వే నంబరు కోసం వెతకండి. ఊరి పాత పటంలో, ఆర్‌ఎస్‌ఆర్‌లో (ఊరి భూములన్నీ నంబర్లవారీగా రాసిన పాత రెవెన్యూ రిజిస్టరు) ‘శ్మశానం పోరంబోకు’ అని రాసి ఉంటుంది. తర్వాత చర్చిలో భూస్థాపన రిజిస్టరు. అక్కడ ఇంకో తిప్పలు. ఇంట్లో అందరూ ‘పెద్దోడు’ అనే మనిషి రిజిస్టరులో యోహాను. బాప్తిస్మం పేరు తెలియక ఆ పేజీని నేను రెండుసార్లు తిప్పేశాను.

మేం కాలుస్తాం కదా, మాకెందుకీ గోల అంటారా? వీరశైవులు, జంగాలు, ఎన్నో బీసీ, ఎస్సీ కులాల వాళ్లు పూడ్చేవాళ్లే. పసిపిల్లలు పోతే కాల్చేవాళ్లూ పూడుస్తారు.

చివరికి దారి చూపింది కాగితం కాదు. నవంబరు 2, సమాధుల పండుగ రోజు, కొత్త సమాధుల తోటలో కొవ్వొత్తి వెలిగిస్తున్న ఒక మామ్మ. “పాత తోట ఇది కాదు బాబూ, కాలవ అవతల. మూడు తాడిచెట్లుండేయి” అంది.

వెళ్లి చూస్తే రొయ్యల చెరువు. ఏరియేటర్లు గిర్రున తిరుగుతున్నాయి. రెవెన్యూ ఆఫీసులో అడిగితే “ఎప్పట్నుంచో చెరువేనండీ” అన్నారు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాలకు జరిపి చూశాను. తాడిచెట్లు మూడూ ఉన్నాయి! ఎప్పట్నుంచో అంటే ఎప్పట్నుంచండీ? పరాయివాడి రాయికి ఉన్న మర్యాద మన మట్టికి లేదా?

భూముల రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. మీ ఊళ్లో ఇంకా కాకపోతే ఈ వారమే వెళ్లి శ్మశానం పాత నంబరు రాసుకోండి, పటం నకలు తీసుకోండి. మామ్మలు బతికుండగానే అడగండి.

నేను ఆ నంబరు, శాటిలైట్ ఫొటోలు జతచేసి అర్జీ పెట్టాను. రసీదు ఇచ్చారు. మళ్లీ సోమవారం వెళ్తున్నా.