శిలాఫలకం మీద కోట్లు, ఊళ్లోకి వచ్చిన కోట్లు

నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఏ ఎమ్మెల్యే మైకు పట్టుకున్నా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: నియోజకవర్గానికి ఇన్ని వందల కోట్లు తెచ్చాను అని. అందులో అబద్ధం ఉండకపోవచ్చు. జీవో వచ్చి ఉంటుంది, శంకుస్థాపన కూడా అయి ఉంటుంది. కానీ అది మంజూరైన డబ్బు. ఖజానా నుంచి విడుదలైంది ఎంత, చివరికి మనిషి చేతికి అందింది ఎంత అనేది వేరే లెక్క. ఆ రెండో లెక్కను సభలో నిలదీసి అడిగే ఎమ్మెల్యేలు మనకు కావాలి.

సొంత జాగాలో ఇల్లు కట్టుకునే పేదలకు తెలంగాణ ప్రభుత్వం డబ్బిచ్చే ఇందిరమ్మ ఇళ్లనే తీసుకుందాం. ఇంటికి 5 లక్షలు, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. అంటే ఒక్కో నియోజకవర్గంలో 175 కోట్ల పని. ఎమ్మెల్యే చేతిలో ఉండే నియోజకవర్గ అభివృద్ధి నిధి ఏడాదికి 5 కోట్లే. మొదటి విడత 4.5 లక్షల ఇళ్లకు 22,500 కోట్లు కావాలని ప్రభుత్వమే చెప్పింది. 2025-26 బడ్జెట్‌లో ఈ పథకానికి చూపింది 12,571 కోట్లు. ఇళ్లన్నీ ఒకే ఏడాదిలో పూర్తికావు కాబట్టి ఆ అంకెను తప్పు పట్టలేం. అందులో ఏ నెలలో ఎంత విడుదలవుతుందన్నదే అసలు సంగతి.

ఎందుకంటే ఇక్కడ డబ్బు ముందు రాదు, పని ముందు జరగాలి. పునాది లేచాక పంచాయతీ కార్యదర్శి వచ్చి ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తేనే మొదటి లక్ష పడుతుంది. అప్పటిదాకా సిమెంటు, సలాక, మేస్త్రీ కూలి అన్నీ అప్పే. ఇసుక ఉచితమే అయినా ట్రాక్టరు కిరాయి ఇంటివాళ్లదే. పాత గుడిసె కూల్చి పక్కనే టార్పాలిన్ కట్టుకుని వంట చేసుకునే ఇంట్లో బిల్లు ఒక నెల ఆలస్యమైతే ఎంత టెన్షనో బడ్జెట్ పుస్తకంలో కనిపించదు. నూటికి మూడు రూపాయల వడ్డీ మాత్రం నెల తిరిగేసరికి కనిపిస్తుంది.

ఈ పథకంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. సొంత జాగాలో కడతారు కాబట్టి ఇల్లు ఊళ్లోనే ఉంటుంది, బాట, నల్లా, కరెంటు స్తంభం చాలావరకు దగ్గర్లోనే ఉంటాయి. గత ప్రభుత్వం పేదల కోసం కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇళ్లు చాలాచోట్ల ఊరికి దూరంగా దొరికిన ప్రభుత్వ భూమిలో కట్టారు. గోడలు లేచాయి, రంగులు పడ్డాయి, మోరీ లేక, నీళ్లు రాక తాళాలు పడి ఉన్నాయి. ఇళ్ల పద్దు ఒక శాఖది, నీళ్లది ఇంకో శాఖది, రోడ్డుది మరో శాఖది. వీటిని ఒకచోట కలిపి అడగగలిగేది ఆ ఊరు ఓటేసి పంపిన ఎమ్మెల్యే ఒక్కరే. జాగా కూడా లేని పేదల పేర్లు వేరే జాబితాలో ఉన్నాయి. రేపు వాళ్లకు ఇళ్లు కట్టేటప్పుడైనా ఈ తప్పు మళ్లీ జరగకూడదు.

పెద్ద ప్రాజెక్టుల్లోనూ ఇదే జబ్బు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో 35,200 కోట్లతో అనుమతి ఇచ్చారు. 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్‌లో మొదటి పంపు ఆన్ చేశారు. పొలాలకు నీళ్లు మళ్లించే కాలువలు మాత్రం అప్పటికి లేవు. పంపుకు ప్రారంభోత్సవం చేయొచ్చు, పిల్ల కాలువకు ఎవరూ చేయరు. అందుకే దాని కోసం సభలో కొట్లాడేవాళ్లు తక్కువ.

ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కథ ఇంకా బాధాకరం. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన నల్గొండ పల్లెలకు కృష్ణా నీళ్లు తెస్తామని 2005లో మంజూరు చేసిన, సుమారు 44 కిలోమీటర్ల సొరంగం. 2009 వరదలు, బోరింగ్ మిషన్ రిపేర్లు, బిల్లుల బకాయిలు, ఇలా ఏళ్లు గడిచిపోయాయి. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. రోజుల తరబడి వెతికినా ఇద్దరి మృతదేహాలే బయటికొచ్చాయి. నల్గొండ నేతలు, వాళ్లలో ఇప్పుడు మంత్రిగా ఉన్న కోమటిరెడ్డి వెంకటరెడ్డి కూడా, ఈ సొరంగం పూర్తి చేయాలని ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. అడగడం న్యాయమే. కానీ పనిచేసేవాళ్ల ప్రాణాలకు రక్షణ ఏమిటని కూడా అంతే గట్టిగా అడగాలి. నీళ్ల కోసం మనుషులను పణంగా పెట్టమని నల్గొండ ఎన్నడూ కోరలేదు.

దీనికి ఎమ్మెల్యే చేతిలో పనిముట్లు లేకపోలేదు. పద్దులపై చర్చ ఉంది, ఒక పద్దులో కొంత తగ్గించాలంటూ ఆ శాఖను నిలదీసే కోత తీర్మానం ఉంది, రాతపూర్వక ప్రశ్న ఉంది. ప్రతి బడ్జెట్ పుస్తకంలో ఈ ఏడాది అంచనా పక్కనే నిరుటి సవరించిన అంచనా, ముందటేడు అయిన అసలు ఖర్చు ఉంటాయి. ఆ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి ఇంత తేడా ఎందుకొచ్చిందని అడిగితే చాలు, మంత్రి జవాబు చెప్పి తీరాలి. అధికార పార్టీ ఎమ్మెల్యేలు ఈ పని ఇబ్బంది అనుకుంటారు. వాళ్లు అడిగితేనే ఆ జవాబుకు బరువు.

వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఈ ప్రాంత ఎమ్మెల్యేలు పార్టీలకు అతీతంగా ఒక ప్రశ్న వేయాలి: మా నియోజకవర్గంలో ఎన్ని ఇళ్లు ఏ దశలో ఆగాయి, మిగతా బిల్లు ఏ నెలలో వేస్తారు? వచ్చిన జవాబును ఊరి పేరుతో సహా పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించాలి. 2025 డిసెంబరులో కొత్త సర్పంచులు వచ్చారు. పాతవాళ్లలో చాలామంది అప్పు తెచ్చి చేసిన పనుల బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ బకాయిల లెక్క కూడా అదే బోర్డు మీద పెట్టాలి.