నడుముకి బోరు వేయించిన వైనం

బెంగళూరులో నడుం నొప్పి రావడానికి మనిషి ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు వైపు రోజూ స్కూటర్ మీద ఆఫీసుకి వెళ్లొస్తే చాలు, మిగతా పని రోడ్డు చూసుకుంటుంది. నాది పదకొండేళ్ల సర్వీసు. మొదట నడుం దగ్గర పట్టేసింది. తర్వాత నొప్పి కుడి తొడ మీదుగా దిగి కాలి బొటనవేలి దాకా ప్రయాణం కట్టింది. డాక్టరు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి కాలు పైకెత్తాడు. నేను కెవ్వుమన్నాను. ఆయన "ఎమ్మారై తీయించండి" అని చీటీ రాసిచ్చాడు.

నాకు లిఫ్ట్ అంటేనే భయం. నాలుగో అంతస్తులో ఉంటూ ఇన్నేళ్లుగా మెట్లే ఎక్కుతున్నాను. అపార్ట్‌మెంట్‌లో అందరూ దాన్ని వ్యాయామం అనుకుంటారు, నేనూ కాదనలేదు. అలాంటివాణ్ని ఆ స్కాన్ మిషనుకుండే 60 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో అరగంట పడుకోమంటున్నారు. 60 సెంటీమీటర్లంటే ఎంతో ఇంట్లో టేపు పెట్టి చూశాను. మా వాషింగ్ మెషిన్ వెడల్పు.

"ప్రాక్టీస్ చేద్దాం నాన్నా" అంది ఏడో తరగతి చదివే మా అమ్మాయి. హాల్లో దివాన్ కింద చాప పరిచి నన్ను లోపలికి తోసింది. లోపల శబ్దం ఎక్కువగా ఉంటుందని ఎక్కడో చదివిందట, పైన కూర్చుని స్టీలు పళ్ళేన్ని గరిటెతో వాయించడం మొదలెట్టింది. ముక్కుకి జానెడు ఎత్తులో దివాన్ చెక్క. పక్కకి చూస్తే పోయిన ఏడాది పోయిందనుకున్న రిమోట్ మూత, ఒంటరి సాక్సు, ఏ కాలం నాటిదో చపాతీ ముక్క. మూడో నిమిషంలో తుమ్ము వచ్చింది. తుమ్మితే తల లేచి చెక్కకి తగిలింది. మా ఆవిడ వంగి చూసింది, జాలిపడుతుందేమో అనుకున్నాను. "ఎలాగూ లోపలే ఉన్నారు కదా" అని చీపురు అందించింది.

స్కాన్ సెంటర్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి టైమిచ్చారు. కింది ఫ్లాటాయన సలహా మీద పొద్దుటి నుంచి పస్తున్నాను. కౌంటర్‌లో అమ్మాయి "వెన్నెముకకి ఉపవాసం ఎందుకు సార్?" అంది. అప్పటికి వాళ్ల కాంటీన్ మూసేశారు.

తర్వాత ఒక ఫారం ఇచ్చారు. గుండెలో పేస్‌మేకర్ ఉందా, చెవిలో మిషన్ ఉందా, మెదడు ఆపరేషన్‌లో క్లిప్పు పెట్టారా, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా. వెల్డింగు పని చేసేవాళ్లకి ముందు కంటికి ఎక్స్‌రే తీసి గానీ లోపలికి పంపరట. గర్భవతి అయితే తెలపండి అన్న దగ్గర మా ఆవిడ నా పొట్ట వైపు ఒకసారి చూసి, కాస్త ఆలోచించి, 'కాదు' మీద టిక్కు పెట్టింది.

టెక్నీషియన్ కుర్రవాడిది మండ్య. తెలుగు శుభ్రంగా మాట్లాడాడు. బెంగళూరులో వాళ్లందరికీ మన భాష వస్తుంది, పదకొండేళ్లయినా మనకి మాత్రం 'స్వల్ప స్వల్ప' కన్నడమే వస్తుంది. "లోపల ఉండేది 1.5 టెస్లా అయస్కాంతం సార్, భూమికి ఉండే అయస్కాంతం కన్నా దాదాపు 30 వేల రెట్లు ఎక్కువ. స్కాన్ లేనప్పుడు కూడా ఆన్‌లోనే ఉంటుంది. ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల చలిలో పెట్టి ఉంచుతాం. దాన్ని ఆపడం స్విచ్ వేసి తీసినంత తేలిక కాదు" అన్నాడు. నా ఉంగరం, వాచీ, బెల్టు, పర్సు, ఏటీఎం కార్డులు అన్నీ ట్రేలో పడ్డాయి. తోడుగా గదిలోకి వస్తానన్నందుకు మా ఆవిడకి కూడా తనిఖీ తప్పలేదు. గాజులు తీసింది, మెట్టెలు తీసింది, చివరికి మెడలో గొలుసుకి తగిలించిన పిన్నీసులు ఒక్కొక్కటే తీయడం మొదలెట్టింది. ఏడు. ఏడో పిన్నీసు బయటికి వచ్చేసరికి ఆ కుర్రవాడు చేతులు జోడించి "అమ్మా, మీరు బయటే కూర్చోండి" అన్నాడు.

వెనకాల ముడి వేసుకునే గౌను తొడుక్కుని, మనిషిగా నా గుర్తింపంతా ట్రేలో వదిలేసి నిలబడ్డాను. అతను చేతి డిటెక్టర్‌తో తల నుంచి కిందికి తడిమాడు. నడుం దగ్గరికి రాగానే 'కుయ్' మంది.

"బెల్టు తీయలేదా సార్?"

"తీశాను."

మళ్లీ 'కుయ్'. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడు గుర్తొచ్చింది. మొలతాడు!

దాచానని కాదు. నిజంగా గుర్తు లేదు. చెవులున్నాయని మనకి రోజూ గుర్తుంటుందా? వెండి మొలతాడు, దానికి కదిరి నరసింహస్వామి తిరునాళ్లలో అమ్మ కట్టించిన రాగి తాయెత్తు. పెళ్లినాటి కొలత అది. తర్వాత ఒంటికి చేరిన 14 కిలోల సంగతి దానికెవరూ చెప్పలేదు. పొట్ట మడతలో దారి చేసుకుని అలాగే ఉండిపోయింది.

ఇంజినీరుని కదా, ఊరుకోలేకపోయాను. "వెండిని అయస్కాంతం లాగదు కదా బాబూ?"

"లాగదు సార్. కానీ నడుం చుట్టూ చుట్టలా ఉంది కదా, అందులో కరెంటు పుట్టి కాలుతుంది. పైగా మనం తీసేది సరిగ్గా అక్కడి బొమ్మే, అదీ పాడవుతుంది. అయినా ఆ తాయెత్తులో ఏముంది?"

తాయెత్తులో ఏముందో ఎవరికి తెలుసు? తెలిస్తే అది తాయెత్తు ఎందుకవుతుంది? తీయడానికి కూడా అధికారం నాది కాదు. బట్టలు మార్చుకునే గదిలో నిలబడి కదిరి దగ్గర మా పల్లెకి ఫోన్ చేశాను.

"తీసేదేంది నాయనా!" అంది అమ్మ. "పుట్టినప్పటి నుంచి యా పొద్దన్నా మొల బోసిగా పెట్టినామా?"

"తీయకుంటే స్కాన్ తీయరంట మా."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత తీర్పు వచ్చింది. "అట్లయితే ముందు కొత్తది కట్టుకోని, ఆ తర్వాత పాతది తియ్యల్ల. మొండిమొలతో ఒక్క నిమిషం గూడా ఉండొద్దు, చెప్తాండా."

రాత్రి పది గంటలకి వైట్‌ఫీల్డ్ రోడ్డులో నల్లదారం ఎక్కడ దొరుకుతుంది? స్పీకర్‌లో అంతా విన్న టెక్నీషియన్ నవ్వాడు. "ఉడిదారనా సార్? నమ్మ అజ్జినూ హీగే హేళ్తారె" అన్నాడు. వాళ్ల నాయనమ్మదీ ఇదే మాటట. లోపలికి వెళ్లి గాజుగుడ్డ బ్యాండేజీ చుట్ట తెచ్చి, ఒక పేలిక చించి, నా నడుం చుట్టూ కట్టి, చక్కగా ముడి వేశాడు. అమ్మ వీడియో కాల్‌లో చూసి "నల్లగా లేదే" అని గొణిగింది గానీ ఒప్పుకుంది.

ఇక పాతది తీయాలి. కొక్కెం పొట్టలోకి కూరుకుపోయి కదలలేదు. పక్క గది నుంచి అల్ట్రాసౌండ్ జెల్లీ తెచ్చి నడుం చుట్టూ పూశారు. కిందికి జార్చుదామంటే దాని దారికి అడ్డంగా నేనున్నాను. చివరికి మా ఆవిడే మోకాళ్ల మీద కూర్చుని, అరగంట కిందట ట్రేలో పెట్టించిన ఏడు పిన్నీసుల్లో ఒకటి తీసుకుని, కొక్కెం సందులో దూర్చి ఒక్క మెలి తిప్పింది. టక్కుమని ఊడింది. "పిన్నీసులు వద్దన్నారు" అని మాత్రం అంది, ఎవరితోనూ కాకుండా. అక్కడ నా నడుం చుట్టూ తెల్లని దారి మిగిలింది, కాలవ ఎండిపోయాక మిగిలే గట్టులాగా.

లోపల బల్ల మీద పడుకోబెట్టాక చేతిలో ఒక రబ్బరు బుడ్డ పెట్టాడు. భయమేస్తే నొక్కమన్నాడు. పాత ఎర్రబస్సు హారన్‌కి ఉండేదే, నాజూగ్గా ఉందంతే. పైనుంచి ఎర్రటి లైటు గీతలు అడ్డం, నిలువు వచ్చి నా పొట్ట మీద కలుసుకున్నాయి. అది చూశాక నాకు మా చేను గుర్తొచ్చింది. నీళ్లు చూసేవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడుస్తూ, అది లేచి నిలబడిన చోట ఇలాగే అడ్డంగా నిలువుగా గీత గీసేవాడు. "ఇక్కడ వేయండి బోరు" అనేవాడు.

చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి "అల్లాడబేడి సార్" అన్నాడు కుర్రవాడు. కన్నడంలో కదలకండి అని అర్థం. తెలుగువాడికి మాత్రం అల్లాడొద్దు అని వినిపిస్తుంది. అది నా చేతిలో ఉందా?

బల్ల లోపలికి జరిగింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒక్కసారిగా 'ఢాం ఢాం ఢాం'. నా చెయ్యి నన్నడక్కుండా బుడ్డ నొక్కేసింది. బల్ల బయటికి వచ్చింది.

"ఏనాయ్తు సార్?"

"ఏం లేదు. పనిచేస్తోందో లేదో చూశా."

"పనిచేస్తుంది సార్. మళ్లీ మొదటి నుంచి తీయాలి."

రెండోసారి పళ్లు బిగించి పడుకున్నాను. ముందు పిండిమర, తర్వాత కుట్టు మిషను, ఆ తర్వాత ఎవరో గోడకి మేకు కొడుతున్నట్టు. కాసేపటికి అన్నీ కలిసి అచ్చం బోరు బండి చప్పుడైపోయాయి. ఆ చప్పుడుకి మాత్రం నాకు భయం లేదు. మా ఇంట్లో అది మంచి చప్పుడు. నా చిన్నప్పుడు మా నాయన చేనులో నాలుగు బోర్లు వేయించాడు. రాత్రంతా బండి మోగుతుంటే మేం గట్టు మీద కూర్చుని అడుగులు లెక్కపెట్టేవాళ్లం. మూడొందలు, నాలుగొందలు. దుమ్ము నల్లగా వస్తే రాయి, తడిగా వస్తే ఆశ. నాలుగూ దుమ్మే పోశాయి.

అలా కళ్లు మూసుకుని ఈ బండికీ అడుగులు లెక్కపెట్టడం మొదలెట్టాను. ఆలోచిస్తే ఇదీ అదే పని. ఒంట్లో సగానికి పైగా నీళ్లే కదా, ఆ నీటిలో హైడ్రోజన్ పరమాణువులుంటాయి. అయస్కాంతం వాటిని ఒక వరస మీద నిలబెడుతుంది, రేడియో తరంగం వచ్చి తోస్తుంది, అవి మళ్లీ సర్దుకుంటూ పంపే కబురుతో బొమ్మ గీస్తారు. నీళ్లు ఎక్కడున్నాయో వెతకడమే. ఆ గొట్టాన్ని కూడా వాళ్ల భాషలో బోర్ అనే అంటారు, నేను కల్పించింది కాదు. మొట్టమొదట 1977 జులై 3న న్యూయార్క్‌లో రేమండ్ డమాడియన్ అనే డాక్టరు బృందం ఇలా మనిషి ఛాతీని స్కాన్ చేసినప్పుడు ఒక్క బొమ్మకి దాదాపు 5 గంటలు పట్టింది. అంతకు ముందు ఆయన తానే అందులో కూర్చుంటే ఏమీ రాలేదట, ఒళ్లు ఎక్కువైందేమో అని సన్నగా ఉన్న శిష్యుణ్ని కూర్చోబెట్టారట. ఇది చదివినప్పటి నుంచి ఆ డాక్టరంటే నాకు ఆత్మీయత. ఆయనకి మొలతాడు లేదు కాబట్టి సరిపోయింది.

ఎనిమిది వందల అడుగుల దగ్గర నిద్ర పట్టేసింది. కుర్రవాడొచ్చి భుజం తట్టి "గురక పెట్టినా కదల్లేదు సార్, బొమ్మలు బాగా వచ్చాయి" అని మెచ్చుకున్నాడు.

రెండ్రోజుల తర్వాత డాక్టరు ఫిల్ములు లైటు ముందు పెట్టాడు. నీళ్లున్న చోట తెల్లగా కనిపిస్తుందట. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులన్నీ తెల్లగా, బొద్దుగా ఉన్నాయి. నడుం దగ్గర ఎల్4, ఎల్5 అనే పూసల మధ్యది మాత్రం నల్లగా, చప్పిడిగా, కాస్త వెనక్కి ఉబ్బి ఉంది. "ఎండిపోయింది, నరాన్ని కొంచెం నొక్కుతోంది. ఆపరేషన్ అక్కర్లేదు, ఫిజియోథెరపీ చేయండి" అన్నాడు. లేచేటప్పుడు చొక్కా కింద కట్టు కనపడి "ఇక్కడేమైనా దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. కొక్కెం విరిగిన వెండి మొలతాడు ఇంకా కంసాలి దగ్గరే ఉందని ఆయనకి ఎక్కడినుంచి మొదలెట్టి చెప్పను?

సాయంత్రం మా నాయన ఫోన్ చేశాడు.

"ఏమి తేలిందిరా?"

"వెన్నులో ఒక డిస్కు ఎండిపోయిందంట నాయనా. నీళ్లు తగ్గిపోయినాయంట."

చాలాసేపు మాట్లాడలేదు. మా నాయన ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"ఆడ గూడా పడలేదా?" అన్నాడు. "ఎంత తీసుకున్నారు?"

"ఏడు వేలు."

"బోరు బండోళ్లంతా అంతేరా. నీళ్లు పడినా పడకున్నా లెక్క మాత్రం ఇచ్చి రావల్ల."