మిసెస్ ఫాక్స్ గారి నేరం

(1802, చలికాలం. చెర్ట్సీ దగ్గర సెయింట్ ఆన్స్ హిల్‌లో ఇల్లు. బ్రిటిష్ పార్లమెంటులో విగ్ పార్టీ నాయకుడు చార్లెస్ జేమ్స్ ఫాక్స్, ఆయన భార్య ఎలిజబెత్ ఈమధ్యే పారిస్ నుంచి తిరిగొచ్చారు. ఎన్నో ఏళ్ళు ఆయనకి ఉంపుడుగత్తెగా ఉన్న ఆవిడని 1795 సెప్టెంబరు 28న వైటన్ అనే పల్లెటూరి చర్చిలో గుట్టుగా పెళ్ళి చేసుకున్నాడు. ఆ సంగతి లోకానికి ఈ ఏడే తెలిసింది. తేదీలు నిజం, మాటలు నా కల్పన.)

లిజ్: ఏవండీ, పొద్దుటి నుంచి ఒక్క ఆడమనిషి కూడా మన గుమ్మం తొక్కలేదు.

ఫాక్స్: (హోమర్ పుస్తకంలోంచి తల ఎత్తకుండా) మంచిదేగా. టీ ఖర్చు తప్పింది.

లిజ్: ఖర్చు గురించి మీరా మాట్లాడేది! పాతికేళ్ళ వయసుకే లండన్ క్లబ్బుల్లో పేకాడి మీరు చేసిన అప్పులకి మీ నాన్నగారికి లక్ష పౌండ్లు పైనే వదిలింది. 1793లో మళ్ళీ స్నేహితులు చందాలు వేసుకున్నారు.

ఫాక్స్: అసలు సంగతికి రా.

లిజ్: ఇదివరకు ఉంపుడుగత్తెనని రాలేదు. సరే, అనుకున్నాను. ఇప్పుడు పెళ్ళాన్ని కదా, ఇంకా ఏమొచ్చిందట?

ఫాక్స్: ఏడేళ్ళు దాచామని కోపం.

లిజ్: అంటే తప్పు చేస్తున్నామనుకున్నప్పటి కంటే, చెయ్యలేదని తెలిశాక ఎక్కువ కోపం వచ్చిందన్నమాట!

ఫాక్స్: వాళ్ళ బాధా అర్థం చేసుకో లిజ్. ఏడేళ్ళు కష్టపడి చెప్పుకున్న చాడీలన్నీ దండగైపోయాయి.

లిజ్: నన్ను చూసి మొహం తిప్పుకునే దొరసానుల మొగుళ్ళకి మాత్రం, ఒకప్పుడు లండన్‌లో నా ఇల్లు చీకట్లో కూడా దొరికేది. వాళ్ళని ఎవరూ ఏమీ అనరు. మిమ్మల్నీ అనరు. విందులకి పిలుపులొస్తాయి, కార్డు మీద మీ పేరొక్కటే.

ఫాక్స్: దాచమన్నది నువ్వేగా! పెళ్ళే వద్దు మొర్రో అన్నావు. బతిమాలి ఒప్పిస్తే ఎవరికీ చెప్పొద్దని షరతు పెట్టావు.

లిజ్: అంటే అన్నాను! నేను చెప్పినవాటిలో మీరు తు.చ. తప్పకుండా పాటించింది అదొక్కటే. గడ్డం గీసుకోమని రోజూ మొత్తుకుంటున్నాను, వింటున్నారా? మీ బొమ్మ గీసినప్పుడల్లా ఆ కార్టూన్ల గిల్రేకి సగం సిరా మీ గడ్డానికీ కనుబొమలకే సరిపోతోంది.

ఫాక్స్: గుట్టుగా పెళ్ళాడింది నేనొక్కణ్ణేనా? యువరాజుగారు చేసుకోలేదా?

లిజ్: ఆ ఊసెత్తకండి! 1785లో ఆయన మిసెస్ ఫిట్జ్‌హెర్బర్ట్ గారిని గుట్టుగా చేసుకుంటే, 1787లో మీరు పార్లమెంటు నిండు సభలో లేచి అసలు అలాంటి పెళ్ళే జరగలేదని ఢంకా బజాయించారు.

ఫాక్స్: జరగలేదని ఆయనే నాతో అన్నాడు. నమ్మాను.

లిజ్: ఆవిడ మిమ్మల్ని క్షమించలేదు. ఎనిమిదేళ్ళకి మీరూ అదే పని చేశారు.

ఫాక్స్: తేడా ఉంది. రాజుగారి అనుమతి లేదు కాబట్టి వాళ్ళ పెళ్ళి చట్టం ముందు చెల్లదు. మనది చర్చి రిజిస్టరులో ఉంది. ఆ రాచపెళ్ళిళ్ళ చట్టం వద్దని 1772లో నేను పదవి కూడా వదులుకున్నాను, తెలుసా?

లిజ్: ఎందుకు తెలీదు? ఊళ్ళోవాళ్ళ పెళ్ళి కోసం పదవి వదిలారు, మన పెళ్ళికి నోరు విప్పడానికి ఏడేళ్ళు పట్టింది.

(ఫాక్స్ పుస్తకం మూశాడు. ఈ ఇల్లు మొదట తీసుకున్నది ఆవిడే, కోపమొచ్చి బయటికి పొమ్మంటే వెళ్ళాల్సింది ఈయనే.)

ఫాక్స్: సరే, నిన్ను పిలవని విందుకి రేపు నేనూ వెళ్ళను.

లిజ్: వెళ్ళండి. నా గురించి ఎవరేమన్నారో ఒక్కటీ మర్చిపోకుండా వినొచ్చి చెప్పండి. గడ్డం మాత్రం గీసుకుని వెళ్ళండి.

ఫాక్స్: అమ్మో, గీసుకుంటే గుమ్మం దగ్గరే నన్ను గుర్తుపట్టక వెనక్కి పంపేస్తారు!