సవరణ: వైర్‌బర్డ్ గూడు తీరాన కాదు, పచ్చికలో

దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనా ద్వీపపు వైర్‌బర్డ్, న్యూజిలాండ్ షోర్ ప్లవర్ అనే రెండు పక్షులను పోల్చిన వ్యాసంలో రెండూ సముద్రతీరంలోనే గూడు పెడతాయనీ, వైర్‌బర్డ్ ఇప్పటికీ అత్యంత ప్రమాదస్థితిలో ఉందనీ రాశాను. ఈ రెండు మాటలూ తప్పే, క్షమించండి. తీగల్లాంటి సన్నని కాళ్ల వైర్‌బర్డ్ ద్వీపం లోపలి పొడి పచ్చికల్లో, నేల మీదే గుడ్లు పెడుతుంది. 2016లో దాని ప్రమాదస్థాయిని రెండు మెట్లు తగ్గించారు. ఎంత మంచి వార్త!

గూటి చోటు మారితే రక్షణ మార్గమూ మారుతుంది. పిల్లులు, ఎలుకల వల్ల న్యూజిలాండ్ ప్రధాన దీవుల్లో అంతరించిన షోర్ ప్లవర్, ఆ జంతువులు లేని రంగటిర అనే చిన్న దీవిలో బతికింది. అక్కడి గుడ్లతో పెంచిన పక్షులను అలాంటి ఇతర దీవుల్లో వదిలారు. వైర్‌బర్డ్‌కు వేరే దీవి లేదు. మనుషులూ పశువులూ తిరిగే ఆ పచ్చికల్లోనే, పిల్లులను అదుపు చేస్తూ దాన్ని కాపాడుకోవాలి.