గౌరవ డాక్టరేట్లన్నీ కొన్నవేనా?

"వ్యాపారం చేసే ఆడవాళ్లకు వచ్చే గౌరవ డాక్టరేట్లన్నీ డబ్బిచ్చి కొన్నవే. నడిపేది మొగుడు, పేరు పెండ్లానిది. చదివి పీహెచ్‌డీ తెచ్చుకున్నోళ్లకు ఇది అవమానం. కాలేజీకి ఇచ్చిన విరాళం ఎట్లాగూ పన్నులో మొత్తం తిరిగొస్తుంది." అనంతపురం, కర్నూలు, కడప వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఈ సందేశంలో నాలుగు ఆరోపణలున్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదట కొనుగోలు మాట. హోటల్ హాల్లో నల్లగౌను తొడిగి, రిజిస్ట్రేషన్ ఖర్చు పేరుతో వేలకు వేలు వసూలు చేసి ఇచ్చే కాగితాలు ఉన్నమాట నిజం. వాటి మీద కోపం న్యాయమే. కానీ అవి డాక్టరేట్లే కావు. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం 22వ సెక్షన్ ప్రకారం పట్టా ఇచ్చే హక్కు చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి, విశ్వవిద్యాలయంతో సమానమైన డీమ్డ్ హోదా ఉన్న సంస్థకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థకు మాత్రమే ఉంది. ట్రస్టు రిజిస్ట్రేషన్, ఐఎస్ఓ సర్టిఫికెట్ ఆ హక్కును తెచ్చిపెట్టవు. ఉల్లంఘిస్తే 24వ సెక్షన్ కింద జరిమానా వెయ్యి రూపాయల దాకానే. ఇంత చిన్న జరిమానాకు ఈ దందా ఎందుకు భయపడుతుంది?

అసలు పట్టా వచ్చే దారి వేరు. అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇవ్వాలంటే మామూలుగా చదువుల వ్యవహారాలు చూసే అకడమిక్ కౌన్సిల్ సిఫారసు చేయాలి. పాలన చూసే ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఆ తర్వాత ప్రతిపాదన విజిటర్ హోదాలో ఉన్న రాష్ట్రపతికి వెళ్తుంది. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు రాష్ట్ర చట్టం కిందివి. అక్కడ పాలకమండలి, కులపతి (ఛాన్సలర్) ఆమోదం కావాలి. అనుమానం ఉంటే ముందు యూజీసీ జాబితాలో పేరుందో లేదో చూడండి. తర్వాత పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తీర్మానం నకలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

రెండోది బినామీ మాట. ఆదోనిలో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లయినా, రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్టయినా, ఎవరిదో కాగితాలు చెబుతాయి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు 2025 మార్చి దాకా బ్యాంకు రుణాలిచ్చిన స్టాండప్ ఇండియా పథకంలో, కంపెనీ లేదా భాగస్వామ్య సంస్థ వస్తే 51 శాతం వాటా, అజమాయిషీ అర్హులైన ప్రమోటర్ల చేతిలోనే ఉండాలన్న షరతు ఉండేది. అయితే వాటా ఒక్కటే చాలదు. అప్పు పత్రం మీద, జీఎస్టీ ఖాతాలో ఎవరి సంతకం ఉంది, సరుకు ధర ఎవరు ఖాయం చేస్తారు అన్నవీ చూడాలి. ఆమె ఇచ్చిన ఉద్యోగాల లెక్కను, గౌరవ పట్టాతో పాటు చదివే ప్రశంసాపత్రంలో రాసేముందు నెలనెలా కట్టే పీఎఫ్ చలానాతో సరిచూడాలి. అక్కడక్కడా బినామీలున్నారని, తెల్లవారుజామునే మిల్లుకు పోయి పత్తిలో తేమ చూసి బేరమాడే మనిషిని కూడా అదే గాటన కట్టడం అన్యాయం.

పీహెచ్‌డీకి అవమానం అన్న మాటకు జవాబు చిన్నదే. గౌరవ పట్టాతో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం రాదు, పరిశోధకుల సీటు పోదు. కిరణ్ మజుందార్ షా 1978లో బెంగళూరులో బయోటెక్ కంపెనీ బయోకాన్ మొదలుపెట్టినప్పుడు తయారుచేసింది పచ్చిబొప్పాయి పాల నుంచి తీసే పపెయిన్ ఎంజైము, చేపల నుంచి తీసే, బీరును తేటపరిచే ఐసింగ్లాస్. ఆమె బ్రూయింగ్ (బీరు తయారీ) చదివింది ఆస్ట్రేలియాలోని బాలరాట్‌లో. అక్కడి విశ్వవిద్యాలయమే 2004లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. నేర్పిన విద్య పరిశ్రమగా ఎదిగితే నేర్పిన చోటే గుర్తించడంలో ఎవరికి అవమానం?

ఇక విరాళం. మినహాయింపు తగ్గించేది ఆదాయాన్ని, పన్నును కాదు. ఆదాయపన్నులో 80జిగా పేరుపడ్డ విరాళాల మినహాయింపు 50 శాతం వర్తించే ట్రస్టుకు, పాత పన్ను విధానంలో, 30 శాతం శ్లాబులో ఉన్న ఒక వ్యాపారవేత్త 10 లక్షలు ఇచ్చిందనుకోండి. ఆదాయంలో తగ్గేది 5 లక్షలు. ఎక్కువ ఆదాయం మీద పడే సర్‌చార్జిని పక్కన పెడితే, సెస్సుతో కలిపి ఆదా అయ్యే పన్ను 1,56,000. తక్కిన 8,44,000 ఆమె సొంత డబ్బే. ఆదాయాన్ని బట్టి పరిమితి ఉంది కాబట్టి మినహాయింపు ఇంకా తగ్గొచ్చు కూడా. 2,000 దాటిన నగదుకు అసలే లేదు, కొత్త విధానంలో ఈ సౌకర్యమే లేదు. ఒక్క సంగతిలో మాత్రం విమర్శకులతో ఏకీభవిస్తాం. పెద్ద కంపెనీ చట్టప్రకారం లాభంలోంచి సామాజిక పనులకు తప్పనిసరిగా పెట్టే 2 శాతం సీఎస్ఆర్ ఖర్చును ఆమె సొంత దాతృత్వంగా రాయకూడదు. ప్రశంసాపత్రంలో రెండూ విడివిడిగా ఉండాలి.

అలాంటి దాత విరాళంతో ఆమె పేరిట విశ్వవిద్యాలయంలో బంగారు పతకం పెడితే దాని లెక్క కూడా ముందే చూసుకోవాలి. 5 లక్షల మూలధనం మీద 7 శాతం వడ్డీ అంటే ఏడాదికి 35,000. బంగారం ధర పెరిగి వడ్డీ తగ్గిందంటే కొన్నేళ్లకే అది పూతపతకం అవుతుంది. అందుకే వడ్డీలో కొంత ఏటా మూలధనంలో కలపాలని, నిధి చాలని ఏడాది పతకం బదులు నగదు బహుమతి ఇవ్వాలని ఒప్పంద పత్రంలోనే రాసుకోవాలి. విజేతను మార్కులతో ఎంచాలి, దాత కుటుంబం వేలు పెట్టకూడదు అన్న షరతు కూడా అందులోనే ఉండాలి.