డాక్టర్ నెత్తిన పడిన గుమస్తా పని

క్లినిక్ డిజిటల్ అయిందంటే చాలాచోట్ల జరిగింది ఒక్కటే: కాగితం మీద రాసేదాన్ని తెర మీద టైపు చేస్తున్నారు. రోగి పేరు, వయసు, ఫోన్ నంబరు కౌంటర్‌లో ఒకసారి, ల్యాబ్‌కు పంపేటప్పుడు ఇంకోసారి, బీమా ఫారంలో మరోసారి, బిల్లులో మళ్లీ. వీటిలో ఎక్కడ ఒక్క అక్షరం తప్పుపడినా ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టు ఎవరిదో తేలదు. దాన్ని వెతకడానికి ఒకరు, ఫోన్‌లో రోగికి సర్దిచెప్పడానికి ఒకరు. సాఫ్ట్‌వేర్ కొన్నాక కూడా కౌంటర్‌లో హడావిడి ఎందుకు తగ్గలేదన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఒకసారి రాసింది మళ్లీ రాయనవసరం లేకుండా చేస్తేనే అది పని తగ్గించే సాధనం. లేదంటే ఖరీదైన రిజిస్టరు.

ఈ సంగతి డాక్టర్లకు అనుభవంలోకి వచ్చి చాలా కాలమైంది. అమెరికాలో 2009 నాటి చట్టం ఎలక్ట్రానిక్ రికార్డులు పెట్టుకున్న ఆస్పత్రులకు, వైద్యులకు ప్రోత్సాహకాలు ఇచ్చింది. కొన్నేళ్లలోనే అక్కడి క్లినిక్‌లలో అత్యధిక భాగం కంప్యూటర్‌లోకి మారాయి. వైద్యురాలు క్రిస్టీన్ సిన్‌స్కీ బృందం 4 వైద్య విభాగాలకు చెందిన 57 మంది వైద్యుల పనిని దగ్గరుండి గమనించి, ఫలితాలను 2016లో ప్రచురించింది. రోగులతో నేరుగా గడిపిన ప్రతి గంటకూ దాదాపు 2 గంటలు రికార్డులకు, బల్ల దగ్గరి పనికి పోతున్నాయని అందులో తేలింది. అది చాలదన్నట్టు ఇంటికి వెళ్లాక మరో గంటో రెండు గంటలో అదే పని.

తప్పంతా కంప్యూటర్‌దే అనేయడం సులువు. కానీ ఆ రికార్డులను చికిత్స కోసం కన్నా బిల్లు చెల్లించేవారిని ఒప్పించడం కోసమే ఎక్కువగా తీర్చిదిద్దారన్నది నా అభిప్రాయం. ఏ పరీక్ష ఎందుకు రాశారు, అది ఏ కోడ్ కిందకు వస్తుంది, ఏ గడిలో టిక్ పెట్టారు? ఒకప్పుడు వీటిలో చాలా భాగం డాక్టర్ చెబితే వేరొకరు రాసేవారు. ఇప్పుడు తెర డాక్టర్ ముందే ఉంది కాబట్టి డాక్టరే నింపాలి. గుమస్తా పని మాయం కాలేదు. క్లినిక్‌లో ఎవరి సమయం అన్నిటికన్నా విలువైనదో వారి నెత్తిన పడింది.

నిజంగా ఫలితమిచ్చేవి చూడటానికి చాలా మామూలుగా ఉంటాయి. అపాయింట్‌మెంట్ గుర్తుచేసే ఎస్సెమ్మెస్ సంగతే తీసుకోండి. ఏమీ పంపకపోవడం కన్నా ఇలా గుర్తుచేస్తే ఎక్కువ మంది వస్తారని, ఫోన్ చేసి చెప్పినంత ఫలితం అంతకన్నా తక్కువ ఖర్చుతోనే వస్తుందని వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్ష తేల్చింది. అయితే సందేశం పంపి ఊరుకుంటే సగం పనే అయినట్టు. రాలేనివారు ఆ సందేశం నుంచే రద్దు చేసుకోగలగాలి, ఖాళీ అయిన సమయం వెంటనే ఎదురుచూస్తున్న మరొకరికి వెళ్లాలి. రద్దు చేయడానికి మళ్లీ క్లినిక్‌కే ఫోన్ చేయమంటే, ఆ ఫోన్ ఎప్పుడూ బిజీగానే ఉంటే, రోగి విసిగిపోయి ఊరుకుంటాడు. డాక్టర్ ఖాళీగా కూర్చుంటారు, బయట వేరొకరు అపాయింట్‌మెంట్ దొరక్క తిరుగుతుంటారు. సాఫ్ట్‌వేర్ అమ్మేవారు చూపించే రంగురంగుల గ్రాఫుల కన్నా ఈ ఒక్క ఏర్పాటు సరిగ్గా పనిచేయడం ముఖ్యం.

మందుల చీటీలదీ అదే కథ. జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్నవారికి 2024 జనవరి 1 నుంచి ఎలక్ట్రానిక్ చీటీ తప్పనిసరి అయింది. ఎప్పుడూ వాడే మందుకు కొత్త చీటీ కావాలంటే, ఆ త్రైమాసికంలో ఒకసారి బీమా కార్డు చూపించినవారు మళ్లీ క్లినిక్‌ దాకా రానక్కరలేదు. కేవలం ఒక కాగితం అందుకోవడానికి కౌంటర్ ముందు నిలబడేవారు తగ్గితే, మిగిలినవారి మాట వినే తీరిక సిబ్బందికి దొరుకుతుంది.

చిక్కంతా ఒక క్లినిక్ గడప దాటాక మొదలవుతుంది. ఆరోగ్య సమాచారాన్ని ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థకు పంపే ప్రమాణాల కోసం హెచ్ఎల్7 సంస్థ 1987లోనే ఏర్పడింది. అయినా 2018 డిసెంబరులో బ్రిటన్ ప్రభుత్వం తన ఆరోగ్య సేవల విభాగాన్ని ఇక ఫ్యాక్స్ యంత్రాలు కొనవద్దని ఆదేశించాల్సి వచ్చింది. ఫ్యాక్స్‌ను చూసి నవ్వుకోవడం తేలికే. కానీ అవతలివారు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, పాస్‌వర్డ్ ఏమిటి అని అది అడగదు. ఫోన్ నంబరు ఉంటే చాలు. కొత్త వ్యవస్థలు అంత తేలికగా ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేకపోవడమే దానికి అంత ఆయుష్షు పోసింది.

ఇప్పుడు అందరి ఆశా కృత్రిమ మేధ మీద ఉంది. డాక్టర్, రోగి మాట్లాడుకుంటుంటే విని నోట్సు తానే తయారుచేసే సాధనాలు వచ్చాయి. కీబోర్డు వైపు కాకుండా రోగి ముఖంలోకి చూస్తూ మాట్లాడే వీలు కల్పిస్తే అంతకన్నా కావలసింది లేదు. అయితే మాటను అక్షరంగా మార్చే విస్పర్ అనే నమూనాను పరిశీలించిన 2024 నాటి అధ్యయనంలో, సుమారు 1 శాతం రికార్డింగుల్లో ఎవరూ అనని పదబంధాలు, వాక్యాలు చేరాయని తేలింది. మెదడు దెబ్బతినడం వంటి కారణాల వల్ల మాట తడబడేవారి విషయంలో ఈ బెడద మరింత ఎక్కువ. ఆ రికార్డింగులు క్లినిక్ సంభాషణలు కావు, నిజమే. కానీ నొప్పితో, భయంతో ఆగి ఆగి మాట్లాడేవారే క్లినిక్‌కు వస్తారు. కాబట్టి సంతకం పెట్టేముందు డాక్టర్ ఆ నోట్సు మొత్తం చదవాల్సిందే. సాధనం మిగిల్చిన సమయాన్ని లెక్కించేటప్పుడు ఈ చదివే సమయాన్ని తీసివేయాలి. మిగిలిన ఆ కాస్తా ఇంకో ఇద్దరు రోగులను చూడమనడానికే ఖర్చయితే డాక్టర్‌కు ఒరిగేదేమీ లేదు.

2024 ఫిబ్రవరిలో అమెరికాలో, క్లినిక్‌ల క్లెయిములను బీమా కంపెనీలకు చేరవేసే ఛేంజ్ హెల్త్‌కేర్ సంస్థపై సైబర్ దాడి జరిగినప్పుడు, బీమా క్లెయిములు ఆగిపోయి చిన్న క్లినిక్‌లకు సిబ్బంది జీతాలు చెల్లించడమే కష్టమైంది. అన్నీ ఒకే దారిలో పంపితే ఆ దారి మూసుకుపోయిన రోజు ఏమి చేయాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఆ రోజుకు అవసరమైన అపాయింట్‌మెంట్ల జాబితా, మందుల వివరాలు వేరేచోట భద్రంగా ఉండాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీతో ఒప్పందం ముగిసినప్పుడు రోగుల రికార్డులన్నిటినీ వేరే సాఫ్ట్‌వేర్ చదవగల రూపంలో, అదనపు రుసుము లేకుండా తిరిగి ఇస్తామని కంపెనీ రాసివ్వాలి. ఆ షరతు లేని ఒప్పందం మీద సంతకం పెట్టకపోవడమే మేలు.